అవతలి ఒడ్డు వంతు

నేను ఒక అడుగులేని కుండను. నీళ్ళు పోస్తే నిలవవు, ఎసరు పెడితే కాగదు. అటొక మూతి, ఇటొక మూతి ఉన్నాయి గానీ అడుగు లేదు. నన్ను సారె మీది నుంచి దించినప్పుడు కుమ్మరి గురప్ప భార్య సోమమ్మ నా లోపలికి తొంగి చూసి, అవతలి మూతిలోంచి తన కాళ్ళు కనపడేసరికి, "ఇదేం కుండయ్యా? ఇంట్లో పెట్టుకోటానికి పనికిరాదు, పెళ్ళికి పంపటానికీ పనికిరాదు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆరకముందు విన్న మాట మట్టిలో ఉండిపోతుంది.

గురప్ప వేళ్ళతో నా గోడ మందం చూసుకుంటున్నాడు. నా గోడ మందమైతే మోగదు, పలచనైతే కుండలు కాల్చే ఆవంలో నిలవదు. ఆయన ఆ లెక్కలో ఉన్నాడు. నాతోపాటు కాల్చిన వాటిలో కొన్ని పగిలాయి, నేను నిలిచాను. ఇందులో నా గొప్పేమీ లేదు. మంట నా వైపు కాస్త తక్కువగా వచ్చింది, అంతే.

బుర్రకథ చెప్పేవాళ్ళు నన్ను గుమ్మెట అంటారు. కథ వినేవాళ్ళు బుర్ర అంటారు. రెండు మూతులకూ మేకతోలు బిగించి, తాళ్ళు లాగి, మెడలో వేసుకుని రెండు చేతులతో వాయిస్తారు. నన్ను మొదట మెడలో వేసుకున్నది బాలగురవయ్య. ఆయన కథలో హాస్యగాడు. ఆయన నోరు తెరిస్తే ఊరు ఊరంతా పొట్ట పట్టుకునేది. ఇంటికొస్తే మాత్రం మాట ఉండేది కాదు. "నవ్వంతా ఊళ్ళోవాళ్ళకి పంచి, మూతి మాత్రం ఇంటికి తెస్తాడు" అనేది ఆయన భార్య. ఆయనకు చేతులు వణకడం మొదలయ్యాక నన్ను మేనల్లుడు చెంచయ్యకు ఇచ్చాడు. మంచి మాటలేమీ చెప్పలేదు. "వానలో తడపబాక" అన్నాడు.

కథ ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. నడుమ కథకుడు ఉంటాడు. భుజాన తంబుర, వేళ్ళకు అందెలు, తలపాగా, నడుముకు పట్టీ. చిందు వేస్తూ కథ చెప్పేది ఆయనే. ఆయనకు కుడిపక్కన ఒకరు, ఎడమపక్కన ఒకరు గుమ్మెటలతో నిలబడతారు. ఒకరు ఈనాటి సంగతులు కలిపి మాట్లాడతారు. రెండోవాడు హాస్యగాడు, అంటే మా చెంచయ్య. ఇద్దరి పనీ వంత పాడటం. కథకుడు ఒక మాట అంటే వీళ్ళు "ఆఁ" అనాలి. చరణం పాడితే అందుకుని తిరిగి పాడాలి. వంత లేనిదే కథ కదలదు. ఎంత గొప్పవాడు చెప్పినా, ఎదుట "ఆఁ" అనేవాడు లేకపోతే అది గొణుగుడే. మనుషులు ఈ సంగతి కథలో ఒప్పుకుంటారు, ఇళ్ళలో ఒప్పుకోరు.

మా కథకుడి పేరు సిరిగిరి పర్వతాలు. చెంచయ్యకు అక్క మొగుడు. ఇంటిదగ్గర ఆయనకు కుక్కలంటే భయం, భార్య అంటే ఇంకా భయం. తలపాగా చుట్టుకుంటే వేరే మనిషి. అప్పుడు ఆయన తలారి కొమరయ్య.

కొమరయ్య కుంపిణీవాళ్ళ కాలపు మనిషి. ఏటి ఒడ్డున మడుగుపాలెంలో తలారి. కరువొచ్చి జనం ఆకులు తింటుంటే, దివాణం వాళ్ళ జొన్నపాతర్లు పగలదీసి కళ్ళంలో ఊరందరికీ గింజలు పంచాడు. కుంపిణీ సిపాయిలు వచ్చి ఆయన్ని అదే కళ్ళంలో కాల్చి చంపారు. మా మేళం చెప్పే కథల్లో జనం ఎక్కువగా అడిగేది ఇదే.

పర్వతాలు చెబుతుంటే కొమరయ్య చచ్చిపోయినవాడని ఎవరికీ గుర్తుండేది కాదు. కొమరయ్య తిండి లేక తాటితోపులో దాక్కునే ఘట్టం ఒకటుంది. ఒక ఊళ్ళో ఆ ఘట్టం నడుస్తుండగా ముసలావిడ ఒకామె సంగటి ముద్ద పట్టుకుని అరుగెక్కింది. "ముందు తిను నాయనా, తర్వాత చెబుదువుగాని" అంది. పర్వతాలు అంతకుముందే రెడ్డిగారింట్లో కోడికూరతో తిని వచ్చాడు. అయినా కొమరయ్య వద్దనకూడదు గదా. ముద్దంతా తిన్నాడు. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. చెంచయ్య నామీద మెల్లగా వాయిస్తూ, "కొమరయ్యకి అరగటానికి సోడా గూడా తే అమ్మా" అన్నాడు. జనం నవ్వారు. ఏడుపు మీదనే నవ్వారు.

మడుగుపాలెం కొమరయ్య సొంత ఊరు కాబట్టి అక్కడి పద్ధతి వేరు. ఏటా నూర్పిళ్ళు అయ్యాక, కళ్ళంలో కొమరయ్య రాయి పాతిన చోట కథ చెప్పించేవారు. మాకిచ్చేది కూడా గింజలే. ఆ ఊరికి పోవాలంటే ఏరు దాటాలి. ఆ మడుగు ఎండల్లోనూ ఎండదు. దాటించేది పుట్టి. వెదురుతో బుట్టలా అల్లి, తోలు కప్పి, గుండ్రంగా ఉండే పడవ. దాన్ని నడిపే ఇంటివాళ్ళనే పుట్టివాళ్ళు అంటారు. మా కాలంలో ఆదెమ్మ నడిపేది. గట్టి మనిషి. గెడ వేస్తే పుట్టి తిరగకుండా సూటిగా పోయేది.

చిక్కేమిటంటే, కథలో ద్రోహి కూడా పుట్టివాడే. కరువు చివర వాన పడి ఏరొచ్చింది. సిపాయిలు అవతలి ఒడ్డున ఆగిపోయారు. అప్పుడు వాళ్ళను దాటించినవాడు ఆదెమ్మ ముత్తాత. పుట్టి అంటే పడవే కాదు, గింజల కొలత కూడా. దాని మీద పాటలో ఒక చరణం ఉంది:

"పుట్టి గింజల కోసమై
పుట్టి వేసెను పోలిగాడు"

ఈ చరణం రాగానే చెంచయ్య పోలిగాడయ్యేవాడు. ఒక కన్ను మెల్ల చేసి, ముక్కుతో మాట్లాడుతూ, చెయ్యి చాపి సిపాయిల దగ్గర గింజలు అడుక్కునేవాడు. పిల్లలు కూడా అది చేసి చూపించేవారు. ఆ చుట్టుపట్ల ఎవరు మాట తప్పినా పోలిగాడే. బాలగురవయ్య కాలం నుంచీ ఆ చరణం దగ్గర నా మీద దెబ్బ గట్టిగా పడేది. నాకు మోగడమే తెలుసు, దేనికి మోగుతున్నానో అప్పట్లో ఆలోచించలేదు.

ఆ ఏడు మేం ఏటి దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆదెమ్మ పుట్టిలో నిలబడి ఉంది. ముగ్గురూ ఎక్కారు. నేను చెంచయ్య ఒళ్ళో ఉన్నాను. కొంతదూరం పోయాక ఆమె గెడ ఆపింది.

"ఏం పర్వతాలయ్యా, ఇయ్యాల గూడా మా తాతను తిట్టిపోతారా?"

పర్వతాలు నీళ్ళ వంక చూశాడు. రెండో గుమ్మెట వాయించే ఓబులేసు అందుకున్నాడు. "కథమ్మా అది. మేం కట్టింది కాదు. మా పెద్దోళ్ళు చెప్పింది మేం చెప్తాం."

"మీ పెద్దోళ్ళను గూడా మా పెద్దోళ్ళే దాటించారు."

ఓబులేసు తన గుమ్మెట తాళ్ళు సర్దుకోసాగాడు.

"మా సాంబడు ఒక మాటన్నాడు" అంది ఆదెమ్మ. సాంబయ్య ఆమె కొడుకు. పెళ్ళయి పిల్లలున్నవాడు. మా మేళాన్ని దాటించనని ఏనాడో ఒట్టుపెట్టుకున్నాడు. "ఈయేడు గూడా పోలిగాడు అని పాడితే, పొద్దున్నే పుట్టి తగలబెట్టి, పెళ్ళాం పిల్లల్ని తోలుకుని సున్నపు బట్టీలకి పోతాడంట. మొన్న కళ్ళంలో ఎవురిదో జొన్నమూట కనపళ్ళా. ఎవురూ ఒక్క మాట అనలా. అందరూ తిరిగి మావాడి వంక చూశారు. మూట తెల్లారి వాళ్ళ బండి కిందే దొరికింది. అయినా చూసిన చూపులు యాడికి పోతాయి?"

"పేరెత్తకుండా చెప్పొచ్చు గదా బావా?" అన్నాడు చెంచయ్య.

"పేరు తీస్తే పుట్టి ఎవుడు నడిపినట్టు? దానంతటదే వచ్చిందా?" అన్నాడు పర్వతాలు. "కొమరయ్య సొంతూళ్ళో కథ కోసేస్తే, ఆ రాయి ముందర నిలబడే మొగం ఉంటదా మనకి?"

"తీయమని ఎవురన్నారు?" అంది ఆదెమ్మ. "తీసేస్తే మాకు తాతే లేకుండా పోతాడు. చేసింది చెప్పు. కొమరయ్యేమో అయ్య, మా తాతేమో గాడు. అది ఎందుకంటున్నా."

"ద్రోహం చేసినోణ్ణి అయ్యా అంటే జనం రాళ్ళేస్తారమ్మా."

ఆమె మళ్ళీ గెడ వేసింది. చెంచయ్య వెనక్కి తిరిగి, మేం ఎక్కిన ఒడ్డున ఒంటరిగా ఉన్న గుడిసెను చూశాడు. "మీ ఇల్లు మొదటినుంచీ ఆ ఒడ్డునేనా అత్తా?"

"మా తాతల కాణ్ణుంచీ అక్కడే. ఊరు ఇవతల, మేం అవతల."

ఒడ్డు చేరేదాకా చెంచయ్య ఆ గుడిసెనే చూశాడు. ఆ సాయంత్రం గడ్డిమంట మీద నన్ను కాగబెడుతున్నప్పుడు కూడా ఏటి వైపే చూస్తున్నాడు. మామూలుగా ఆ సమయంలో ఆయన నోటినిండా చమత్కారాలు ఉండేవి. నా తోలు ఎక్కువ కాగి బిగుసుకుంది. ఆయన చూసుకోలేదు.

కళ్ళం నిండింది. పెట్రోమాక్సు లైట్లు వేలాడదీశారు. ముందు వరసలో పెదకాపు రోశయ్య నవారు మంచం మీద కూర్చున్నాడు. ఆదెమ్మ ఎప్పటిలాగే అందరికంటే వెనక, బండి చక్రానికి ఆనుకుని, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. తన ముత్తాతను తిట్టే కథకు ఆమె ఏటా వచ్చేది. ఎందుకు వస్తుందని ఒక్కరూ అడగలేదు.

కథ బాగా నడిచింది. పర్వతాలు పాతర్లు పగలదీశాడు. ఏటికి కాపలాగా పోలిగాణ్ణి పెట్టి పుట్టిని ఇవతలి ఒడ్డున కట్టించాడు. కులం అడగలేదు, ఇంటిపేరు అడగలేదు, చేట పట్టిన ప్రతి చేతికీ గింజలు పోశాడు. పోసినట్టు చెయ్యి తిప్పుతుంటే ముందున్న ఆడవాళ్ళు నిజంగానే కొంగులు పట్టారు. తర్వాత వాన, ఏరు, అవతలి ఒడ్డున సిపాయిలు. జనం సర్దుకుని కూర్చున్నారు. మెల్లకన్ను కోసం పిల్లలు ముందుకు జరిగారు.

"పుట్టి గింజల కోసమై
పుట్టి వేసెను పోలిగాడు"

ఓబులేసు గుమ్మెట మోగింది. నేను మోగలేదు. చెంచయ్య అరచెయ్యి నా తోలు మీద గట్టిగా అదిమిపెట్టి ఉంది. కదలడం లేదు.

అందుకోవడం మరిచాడనుకుని పర్వతాలు మళ్ళీ పాడాడు. మళ్ళీ అంతే. మా పనిలో ఇది చిన్న సంగతి కాదు. అరుగు మీద ఒకరి పరువు తియ్యాలంటే తిట్టనక్కరలేదు, వంత ఆపితే చాలు.

"ఏం చెంచయ్యా, నిద్దరొచ్చిందా?" అన్నారెవరో. నవ్వులు.

చెంచయ్య రెండడుగులు ముందుకు వేసి పర్వతాలుకు ఎదురుగా నిలబడ్డాడు. కన్ను మెల్ల చెయ్యలేదు. ముక్కుతో మాట్లాడలేదు. నన్ను ఒక పక్కకు తోసి, గెడ పట్టుకున్నట్టు రెండు చేతులూ పెట్టాడు.

"కొమరయ్యన్నా."

పర్వతాలు తెల్లబోయాడు. కానీ తలపాగా నెత్తిన ఉంది. అలవాటుగా గొంతు లేచింది. "ఎవురది?"

"నేనన్నా. పోలయ్యని. పుట్టి పోలయ్యని."

"ఏం పోలయ్యా?"

ఆ "అయ్య" పర్వతాలు కావాలని అన్నది కాదు. ఎదుటివాడు చెప్పుకున్న పేరుతో పిలవడం అరుగు మీద మర్యాద, అలా వచ్చేసింది. కళ్ళంలో గుసగుస బయలుదేరింది.

"పుట్టి కట్టేసి కాపలా ఉండమన్నావు. ఉన్నా. పాతర తీశారని కేకలు వినపడ్డాయి. నేను కదల్లా. చేటలతో పోయేవాళ్ళు పోయారు, మూటలతో వచ్చేవాళ్ళు వచ్చారు. నేను తాడు పట్టుకుని అక్కడే ఉన్నా. అవతలి ఒడ్డున నా పెళ్ళాం, చంటిది. మధ్యన ఏరు. అందరికీ పంచావన్నా. నా వంతు ఎవురితో పంపావు?"

హాస్యగాడు అడ్డు ప్రశ్న వేయడం కథలో మామూలే. "ఛీ, నోర్ముయ్ బామ్మర్దీ" అని కథకుడు కసిరితే అందరూ నవ్వుతారు, కథ ముందుకు పోతుంది. జనం ఆ కసురు కోసం చూశారు. నేనూ దానికోసమే చూశాను.

పర్వతాలు కసరలేదు. తంబుర భుజాన ఊరకే ఉంది. ఆయన కొమరయ్య రాయి వంక చూశాడు. ఇంట్లో ఆయన చాలా అబద్ధాలు చెప్పేవాడు, ముఖ్యంగా భార్యకు. తలపాగా చుట్టుకున్నాక అబద్ధమాడగా నేను చూడలేదు. కొమరయ్య అరుగు మీద కూర్చోకూడదు, అది వీరుడి నియమం. పర్వతాలు కూర్చున్నాడు.

"మరిచిపోయా పోలయ్యా" అన్నాడు. "నా ముందుకొచ్చిన ప్రతి చేటలోనూ పోశా. ఏటి కాడ నిలబడ్డోడు నాకు కనపళ్ళా."

లైటు బుస కొట్టడం వినపడింది.

అప్పుడు చెంచయ్య నన్ను ముందుకు తెచ్చుకుని ఒక్క దెబ్బ వేశాడు. గట్టిగా కాదు. ఆ దెబ్బతో పర్వతాలు లేచాడు, కథ కదిలింది. పోలయ్య పుట్టి వేశాడు. సిపాయిలు దాటారు. కొమరయ్య అదే కళ్ళంలో పడిపోయాడు. జనం ఏటా ఏడ్చినట్టే ఏడ్చారు. తూటాలు తగ్గలేదు, ద్రోహం కూడా తగ్గలేదు. జరిగింది జరిగినట్టే ఉంది. పిల్లలకు మాత్రం మెల్లకన్ను దొరకలేదు.

మంగళం పాడగానే పెదకాపు రోశయ్య లేచాడు. "ఏందయ్యా పర్వతాలూ, మా కొమరయ్య నోటితోనే తప్పు ఒప్పిచ్చావే? ఇదేం కథ?"

పర్వతాలు తలపాగా ఇంకా విప్పలేదు. "నేనేడ ఒప్పిచ్చా పెదకాపూ? అడిగింది పోలయ్య. చెప్పింది కొమరయ్య. నడమ నాదేముంది?"

"ఇన్నేళ్ళూ లేని పోలయ్య ఇయ్యాల యాణ్ణుంచొచ్చాడు?"

"అవతలి ఒడ్డు నుంచి."

రోశయ్య ఇంకేదో అనబోయాడు. ముందు వరసలో కొంగు పట్టిన ఆడవాళ్ళలో ఒకామె, మంగమ్మ, గట్టిగా అంది: "ఒప్పుకున్నాడుగా మావా కొమరయ్య. మధ్యలో నీకేం నొప్పి? పంపాల్సిన వంతు ఇప్పుడైనా పంపితే పోలా?" నవ్వులు లేచాయి. రోశయ్య కూడా మంచం ఎత్తిస్తూ నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

తర్వాత చెంచయ్య ఓబులేసుతో చెబుతుంటే విన్నాను, గడ్డివాము పక్కన సాంబయ్య నిలబడి ఉన్నాడట. ఎప్పుడొచ్చాడో, ఎప్పుడు పోయాడో ఎవరూ చూడలేదు.

పొద్దున మాకు గింజలు పోశారు. అందరూ పోశాక మంగమ్మ ఇంకొక చేట తెచ్చి, "ఇది మీది కాదు. దారిలో ఇచ్చి పొండి" అంది.

ఏటి ఒడ్డుకు పోయేసరికి పుట్టిలో ఆదెమ్మ లేదు. సాంబయ్య ఉన్నాడు. గెడ చేతిలో ఉంది.

"ఎక్కండి" అన్నాడు.

పుట్టి నడిమడుగుకు చేరింది. అప్పుడు సాంబయ్య, ఎటో చూస్తూ, "మా తాతకి మెల్లకన్ను లేదంట" అన్నాడు.

"తెలుసు. అది నాదే" అన్నాడు చెంచయ్య. "ఇంక నా కాడే పెట్టుకుంటాలే."

సాంబయ్య నవ్వలేదు. గెడ ఒకసారి తప్పి నీళ్ళు మా మీద చిందాయి. వానలో తడపవద్దని నన్నిచ్చిన మనిషి చెప్పాడు గదా, చెంచయ్య పైపంచె తీసి నా మీద కప్పాడు. ఒడ్డు చేరాక మంగమ్మ ఇచ్చిన గింజలు మూటగట్టి దింపాడు. "అవతలి ఒడ్డు వంతు" అన్నాడు. సాంబయ్య వాటివంక కాసేపు చూసి, మూట భుజాన వేసుకుని గుడిసెలోకి పోయాడు.

పోలయ్యకు చంటిబిడ్డ ఉండేదో లేదో నాకు తెలియదు. అతని వంతు ఎవరైనా తీసుకుపోయారేమో, అదీ తెలియదు. గింజల ఆశకే పుట్టి వేశాడేమో. నేను మట్టిని, అంతకాలం కిందటి సంగతి నాకేం తెలుస్తుంది? మా మేళానికి తెలిసింది ఒకటే, అడగాల్సిన ప్రశ్నను ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు.

తర్వాత మడుగుపాలెంలో అదే పద్ధతైంది. ఆ చరణం దగ్గర కథకుడు పోలయ్య అంటాడు, గుమ్మెటలు మోగవు. ఒక్క క్షణం ఊరకుంటాయి. వేరే మేళాల వాళ్ళు కూడా ఆ ఊళ్ళో అలాగే చేస్తారని విన్నాను. పక్క ఊళ్ళలో ఇంకా పోలిగాడే. మార్పు ఏరు దాటడానికి టైము పడుతుంది.

నూర్పిళ్ళు మిషన్లకు పోయాయి. ఇళ్ళలోకి టీవీలొచ్చాయి. పర్వతాలు గొంతు పోయింది. తలపాగా చుట్టుకోవడం మానేశాక ఆయన కుక్కలకు మళ్ళీ భయపడుతూ బతికాడు. ఏటి మీద వంతెన కట్టారు. పుట్టి ఎక్కేవాళ్ళు లేక సాంబయ్య చేపలు పట్టుకుంటున్నాడు. నాకు ఒకవైపు తోలు చిరిగింది. ఎలుక పని. తోలు వేసేవాళ్ళ కోసం చెంచయ్య రెండు సంతలు తిరిగాడు. "ఇత్తడిదో, ప్లాస్టిక్‌దో కొనుక్కో పెద్దాయనా" అన్నారు. పట్నం నుంచి ఎవరో వచ్చి, నన్ను అద్దాల బీరువాలో పెట్టి కింద పేరు రాస్తామన్నారు. ఏం పేరు రాస్తారని చెంచయ్య అడిగాడు. ప్రాచీన చర్మవాద్యం అన్నారు. ఆయన ఇస్తానని చెప్పి ఇవ్వలేదు. నన్ను సంచిలో పెట్టుకుని బస్సెక్కి, వంతెన మీద దిగి, ఆ గుడిసెకు నడిచాడు. ఇప్పుడది పెంకుటిల్లు.

"ఇది మోగదు, నాకెందుకు బావా?" అన్నాడు సాంబయ్య.

"మోగకపోవటమే దీనికి బాగా తెలుసు. ఉంచు" అన్నాడు చెంచయ్య.

సాంబయ్య భార్య నన్ను తిప్పి చూసింది. చిరిగిన మూతి పైకి, తోలున్న మూతి కిందికి పెట్టి మూలన నిలబెట్టింది. ఇప్పుడు నాకు అడుగుంది. ఏటా కళ్ళం అయ్యాక మడుగుపాలెం నుంచి ఎవరో ఒకరు వంతెన దాటి వచ్చి ఒక చేట జొన్నలు ఇచ్చి పోతారు. కొందరికి ఎందుకో కూడా తెలియదు, ఇవ్వాలని మాత్రం తెలుసు. వాటిని ఆమె నాలోనే పోస్తుంది.

ఇంట్లోకి పనికిరాదన్న సోమమ్మ ఒకసారి చూస్తే బాగుండును. గింజలు పడేటప్పుడు కింద తోలు ఇంకా కొంచెం పలుకుతుంది. బయటికి వినపడదు. "ఆఁ" అన్నట్టుంటుంది.